మిర్చి సీమలో పద్దుల చదువు

సంక్రాంతి వెళ్లినది మొదలు ఎండలు ముదురువరకు గుంటూరునకు పోవు బాటలన్నియు ఎఱుపెక్కి యుండును. ఎడ్లబండ్లు పోయి లారీలును, ట్రాక్టర్లును వచ్చినవి గాని బస్తాలలోని ఘాటు మాత్రము మారలేదు. సత్తెనపల్లి, నరసరావుపేట, పిడుగురాళ్ల, ప్రత్తిపాడు, అద్దంకి, మార్కాపురము మున్నగు ప్రాంతముల పంట మిర్చియార్డు చేరి, అచ్చట తూకమై, ధర కట్టబడి, దేశదేశములకు పోవుచుండును. ఆసియా ఖండమున ఇంత పెద్ద మిర్చి విపణి మఱొకటి లేదని ప్రసిద్ధి.

ఈ కాయను చెట్టునుండి కోయునది ఎవరు? స్త్రీ. కల్లములో ఆరబోసి, రాత్రి మంచునకు పట్టాలు కప్పి, ప్రొద్దెక్కిన పిదప తిరుగవేయునది ఎవరు? స్త్రీ. తాలుకాయ నేరి వేఱుచేయునది ఎవరు? స్త్రీయే. చేలలో ప్రత్తి తీయునదియు ఆమెయే. ఇన్ని పనులకు ముందుండు ఆ చేయి ఒక్క పనికి మాత్రము వెనుదీయును. అది, అమ్మిన సరకునకు కమీషను వ్యాపారి యిచ్చిన తక్‌పట్టీని చదువుట. ఆ కాగితము మగవాని చొక్కాజేబులో ఇంటికి వచ్చి, గోడకు వ్రేలాడు సంచిలో చేరి, అచ్చటనే చీకిపోవును.

ఆ కాగితమును చదువ నేర్పు విద్యను గూర్చి నాలుగు మాటలు విన్నవింప దలచితిని. దానిని నేటివారు అకౌంటెన్సీ యందురు. మన పెద్దలు పద్దుల లెక్క యనిరి. ఇల్లు నిలుపుకొనుటకును, ఇల్లు దాటి గౌరవముగా బ్రదుకుటకును గూడ అక్కఱకు వచ్చు విద్య యిది.

మన తాతలనాటి లెక్క

లెక్కలు వ్రాయుట మనకు క్రొత్త గాదు. ఊరి కరణము తాటాకు కవిలెలలో గ్రామపు లెక్కలు వ్రాసెను. కోమటి అంగడిలో దినదినము జరిగిన బేరములు చిఠ్ఠాకును, అందుండి ఎవరి పేర వారి లావాదేవీ ఆవర్జాకును ఎక్కెడివి. పద్దు, జమ, ఖర్చు, నిలువ, వెరసి యను మాటలు నేటికిని మన నోట నిలిచి యున్నవి. అయితే కరణీకము వంశములలో సాగినది. అందును మగవారి చేతనే సాగినది. 1984లో నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆ పదవిని తొలగించినది. అంగడి లెక్క తండ్రినుండి కొడుకునకు వచ్చినది. కూతురునకు మాత్రము చాకలి పద్దు, పాల పద్దు మిగిలెను.

పాశ్చాత్యదేశములందు ఇటలీవాడైన లూకా పాచియోలి యను సన్యాసి 1494లో వెనిస్ నగరమున ఒక గణితగ్రంథమును అచ్చొత్తించెను. వెనిస్ వర్తకులు వాడుచుండిన జంట పద్దుల విధానమును అందు వివరించెను. ప్రతి బేరమునకును రెండు ముఖములు గలవు. ఒకచోటికి వచ్చినది మఱొకచోటినుండి పోయినదే. కావున ప్రతి మొత్తమును రెండు ఖాతాలలో వ్రాయవలయును. తుదకు రెండు వైపుల వెరసి సరిపోవలయును. నేటి కంప్యూటరు లెక్కలకు సైతము మూలమిదియే.

నేర్వబోవువారు మొదట తడబడు చోటొకటి కలదు. సొమ్ము వచ్చినప్పుడు మన పెద్దలు జమ వైపు వ్రాయుదురు. క్రొత్త పద్ధతిలో నగదు ఖాతాకు అది డెబిట్టు. ఇది వైరుధ్యము గాదు. మన చిఠ్ఠాలో జమ యనగా ఆ సొమ్ము నిచ్చినవాని పేర జమ యని యర్థము. క్రొత్త పుస్తకములో నగదునకే ప్రత్యేకముగా ఖాతా యుండి, వచ్చినది దాని డెబిట్టు వైపున నుండును. ఇంత తెలిసినచో సగము భయము తీఱును.

ఒక తక్‌పట్టీని విప్పి చూతము

ఒక రైతు కుటుంబము జూన్ మాసమున విత్తనములకును, ఎరువులకును వ్యాపారియొద్ద 60,000 రూపాయలు అప్పు తెచ్చినదనుకొందము. వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలు. మార్చిలో 40 టిక్కీల మిర్చి యార్డునకు పోయినది. టిక్కీకి 45 కిలోల చొప్పున 1,800 కిలోలు, అనగా 18 క్వింటాళ్లు. క్వింటాలు 12,000 రూపాయలైనచో సరకు వెల 2,16,000. అందు కమీషను నూటికి రెండు చొప్పున 4,320; హమాలీ, కాటా కూలి 1,500; తొమ్మిది నెలల వడ్డీ 10,800; అప్పు అసలు 60,000. వెరసి 76,620 పోగా చేతికి వచ్చినది 1,39,380 రూపాయలు. ఈ అంకెలు ఉదాహరణమునకై కల్పించినవి. ధరలు ఏటేటికే కాదు, పూటపూటకును మారుచుండును.

ఇప్పుడు పద్దుల చదువు నేర్చిన స్త్రీ ఏమి చూచును? మొదట, పంట తెచ్చినది 1,39,380 గాదు, 2,16,000 అని చూచును. రెండవది, తిరిగి చెల్లించిన 60,000 పంటఖర్చు గాదని గ్రహించును. ఆ సొమ్ముతో జూన్‌లో కొన్న విత్తనములును, ఎరువులునే ఖర్చు. వానిని అప్పుడే వ్రాసి, మరల అప్పు తీర్చిన దానిని గూడ ఖర్చని వ్రాసినచో, ఒకే సొమ్మును రెండుమారులు పోగొట్టుకొన్నట్లగును. లాభము వచ్చిన ఏడును నష్టముగా కనబడును. వడ్డీ మాత్రము నిజమైన ఖర్చే. మూడవది, తూకములో టిక్కీకి ఒక కిలో తరుగు తీసినచో 40 కిలోలు పోవును. ఈ ధరకు అది 4,800 రూపాయలు. కమీషనుకంటె ఈ తరుగే ఎక్కువయినది! తొమ్మిది నెలల వడ్డీని పది నెలలుగా లెక్కించినచో మఱి 1,200. ఇవి చదువనివానికి కానరావు, చదివినదానికి దాగవు.

నాలుగవది గలదు. ఈ లెక్కలో ఇంటి యాడువారి కూలి ఎచ్చటను లేదు. పరుల చేనికి పోయినచో దినకూలి వచ్చును. తన చేనిలో ఎన్ని దినములు వంగినను పద్దు లేదు. కాని కేంద్రప్రభుత్వపు వ్యవసాయ వ్యయ, ధరల కమిషను పంట ఖర్చు కట్టునప్పుడు ఏ2 అను రొక్కపు ఖర్చులతోబాటు, ఎఫ్.ఎల్. అను పేర కుటుంబశ్రమకును వెల కట్టుచున్నది. ఢిల్లీలో లెక్కకు వచ్చిన శ్రమ మన యింటి పుస్తకములో లేకుండుట న్యాయమా?

లెక్క లేని యింటి కష్టము

1987-88 పంటకాలమున పురుగు తాకిడికి ప్రత్తి దెబ్బతిని, అప్పుల పాలైన రైతులు పలువురు ప్రకాశం, గుంటూరు జిల్లాలలో ప్రాణములు తీసికొనిరి. 2021-22లో నల్లి వంటి సన్నని పురుగు, తామరజాతికి చెందినది, మిరపపూతలో చేరి గుంటూరు, పల్నాటి చేలను పాడుచేసెను. పురుగు కలిగించు నష్టమును పద్దు పుస్తకము ఆపజాలదు. ధర పడిపోవుటను గూడ ఆపజాలదు. కాని అటుపిమ్మట వచ్చు కష్టములలో ఒకదాని నది ఆపగలదు.

యజమాని పోయిన యింట పదునొకండవ దినము దాటకముందే అప్పులవారు వత్తురు. ఎవరికి ఎంత యీయవలయునో, ఎంత తీర్చితిరో, ఏ నోటు చెల్లు వేయబడినదో, ఏది వేయబడలేదో ఆ యిల్లాలు ఎఱుగదు. వచ్చినవాడు చెప్పినదే లెక్క. తీరిన అప్పు మరల తీర్చిన యిండ్లును, రావలసిన బాకీ అడుగ నెఱుగక పోగొట్టుకొన్న యిండ్లును మన పల్లెలలో లేకపోలేదు. భర్త బ్రదికి యుండగా లెక్క అడుగుట అపశకునమని తలచుటయే దీనికి కారణము. లెక్క అడుగుట అనుమానించుట గాదు, సంసారములో పాలుపంచుకొనుట.

న్యాయస్థానములలో గూడ పుస్తకమునకు విలువ కలదు. 1872 నాటి సాక్ష్యచట్టము 34వ విభాగమున, వ్యాపారక్రమమున క్రమముగా వ్రాయబడిన లెక్కపుస్తకములలోని పద్దులు సాక్ష్యమునకు సంబంధించినవే యనియు, అయితే ఆ పద్దు ఒక్కటియే ఒకనిపై బాధ్యత మోపుటకు చాలదనియు చెప్పబడినది. 2024 జూలై 1న ఆ చట్టమునకు మాఱుగా క్రొత్త చట్టము వచ్చినను ఈ నియమము నిలిచియే యున్నది. కావున వ్యాపారి పుస్తకములో వ్రాసియున్నంత మాత్రమున అది వేదవాక్యము గాదు. మన యొద్దను క్రమముగా వ్రాసిన పుస్తకమును, రసీదులును ఉన్నచో మాటకు బలము చేకూరును.

దారి చూపిన తల్లులు

స్త్రీకి ఈ విద్య యేల యను ప్రశ్న నేటిది గాదు. ఇంగ్లండులో మేరీ హారిస్ స్మిత్ అను నామె 1891లో అచ్చటి చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థలో సభ్యత్వము కోరగా, స్త్రీ యను కారణమున నిరాకరించిరి. స్త్రీల అనర్హతలను తొలగించు చట్టము 1919లో వచ్చిన పిదప, 1920లో, డెబ్బది యైదవ యేట ఆమెకు సభ్యత్వము లభించినది.

మన గుంటూరు నాడు చెన్నపురి రాజధానిలోనిదే కదా. ఆ చెన్నపట్టణమున ఆర్. శివభోగముగారు స్వాతంత్ర్యోద్యమమున పాల్గొని చెఱసాల కేగి వచ్చి, 1933లో ప్రభుత్వ అకౌంటెన్సీ డిప్లొమా పరీక్ష నెగ్గి, భారతదేశమున మొట్టమొదటి మహిళా ఆడిటరుగా పేరొందిరి. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ మన దేశమున 1949 జూలై 1న ఏర్పడినది. శివభోగముగారు 1955 మొదలు 1958 వరకు దాని దక్షిణభారత ప్రాంతీయ మండలికి అధ్యక్షత వహించిరి.

గుంటూరులోనే ఉన్నవ లక్ష్మీనారాయణగారును, లక్ష్మీబాయమ్మగారును 1922లో శారదానికేతనమును స్థాపించి, బాలికలకును, వితంతువులకును చదువుతోబాటు చేతిపనులను నేర్పించిరి. దుర్గాబాయమ్మగారు 1937లో మద్రాసున ఆంధ్ర మహిళాసభను నెలకొల్పి, చదువు మానిన స్త్రీలను మరల పరీక్షలకు కూర్చుండబెట్టిరి. నాడు కుట్టుపని, నేతపని ఏ యాశయముతో నేర్పిరో, నేడు పద్దుల పని నేర్పుట ఆ యాశయమునకు కొనసాగింపే.

ఏ మెట్టుననుండి ఎక్కవలయును?

అందఱును ఒకే నిచ్చెన ఎక్క నక్కఱలేదు. పదవ తరగతి ముగించిన బాలికకు ఇంటర్మీడియట్ వృత్తివిద్యలో అకౌంటింగ్, టాక్సేషన్ అను శాఖ కలదు. ఇంటర్మీడియట్ ముగించినవారికి కాస్ట్ అకౌంటెంట్ల సంస్థవారి అకౌంటింగ్ టెక్నీషియన్ సర్టిఫికెట్టు కలదు; పెద్ద పరీక్షల భారము వలదనువారికి ఇది అనువైనది. కాపురమునకు వచ్చి చదువు నిలిపినవారు ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయపు దూరవిద్య ద్వారమున గాని, 1985లో స్థాపింపబడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ద్వారమున గాని బి.కాం. చదువవచ్చును.

ఓపికయు, పట్టుదలయు గలవారికి చార్టర్డ్ అకౌంటెన్సీ మెట్లు మూడు: ఫౌండేషన్, ఇంటర్మీడియట్, ఫైనల్. ఫౌండేషన్‌లో పత్రములు నాలుగు. ప్రతి పత్రమున నూటికి 40, మొత్తము మీద నూటికి 50 మార్కులు రావలయును. తరువాతి రెండు మెట్లలోను ఆఱేసి పత్రములు, రెండేసి గ్రూపులుగా నుండును. 2023లో వచ్చిన పద్ధతి ననుసరించి ఆడిటరు కార్యాలయమున రెండేండ్లు శిక్షణ పొందవలయును. నూటికి 55 మార్కులతో కామర్సు పట్టము పొందినవారు ఫౌండేషన్ లేకయే రెండవ మెట్టున చేరవచ్చును. ఈ పరీక్షలలో తప్పుట సర్వసామాన్యము. ఒకమారు తప్పినంతనే పెండ్లిమాట లెత్తి, పిల్ల చేతిలోని పుస్తకమును లాగికొనుట పెద్దలకు తగదు.

పరీక్షలతోబాటు చేతిపనియు నేర్వవలయును. బెంగుళూరు వారి టాలీ యను కంప్యూటరు లెక్క మన మిల్లులలోను, అంగళ్లలోను విరివిగా వాడుకలో నున్నది. 2017 జూలై 1న వచ్చిన జి.యస్.టి. వలన చిన్న వ్యాపారికి సైతము లెక్క తెలిసినవారి అక్కఱ కలిగినది. జిన్నింగు మిల్లులో పని కోరు పిల్లకు కొన్ని తెలిసియుండవలయును. రైతు క్వింటాళ్లలో అమ్మిన ప్రత్తి, గింజ తీసిన పిదప దాదాపు 356 కిలోల కాండీ లెక్కన ధర పలుకును. రైతునొద్ద కొన్న ముడిప్రత్తిపై పన్ను కట్టవలసినది రైతు గాదు, రిజిస్టరైన కొనుగోలుదారే. ఈ నియమము 2017 నవంబరునుండి అమలులో నున్నది. ఈ రెండు ముక్కలు తెలిసిన పిల్లను గుమాస్తా పనికి ఏ యజమానియు తేలికగా త్రోసిపుచ్చడు.

ఒక్క హెచ్చరిక. మూడు నెలలలో ఉద్యోగము ఖాయమని గోడలమీద వ్రాయువారిని నమ్మి పుస్తెలు కుదువబెట్టకుడు. రుసుము కట్టకముందే ఆ సర్టిఫికెట్టు నిచ్చునది ఎవరో, అది బోర్డుదో, చట్టబద్ధమైన సంస్థదో, లేక ఆ దుకాణపు కాగితమేనో విచారింపుడు. రుసుముకు రసీదు అడుగుడు. లెక్కలు నేర్వబోవువారు రసీదులేక సొమ్ము కట్టుట తగునా?

సంఘపు పుస్తకము

ఇదంతయు పట్నవాసపు పిల్లల మాట, మాకేల యని పల్లెలోని సోదరి యనవచ్చును. 1982లో డ్వాక్రా పథకము మొదలైనది మొదలు మన పల్లెలలో స్త్రీలు సంఘములుగా కూడి పొదుపు చేయుట నేర్చిరి. 2000 సంవత్సరమున గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ యేర్పడిన పిదప ఆ సంఘములు గ్రామ, మండల సమాఖ్యలుగా పెరిగినవి. వాని పంచసూత్రములను గమనింపుడు: క్రమముగా సమావేశము, క్రమముగా పొదుపు, క్రమముగా అంతర్గత ఋణము, క్రమముగా తిరిగి చెల్లింపు, క్రమముగా పుస్తకముల నిర్వహణ. అయిదింట లెక్క యొకటి. మిగిలిన నాలుగింటికి ఆధారమును అదియే.

ఊరి సంఘములలో పుస్తకములు వ్రాయు పడుచులు ఎందఱో కలరు. పదిమంది స్త్రీల పొదుపు, అప్పు, వడ్డీ, నిలువ వ్రాసి సరిచూచుచున్న ఆమె తాను అకౌంటెంటునని ఎఱుగదు. ఎఱిగినచో ఆ యనుభవము తోడుగా పరీక్షకు కూర్చుండవచ్చును. సంఘములోని తక్కిన స్త్రీలకు గూడ ఒక బాధ్యత కలదు: వ్రాయు పిల్లపై వదలి నిద్రపోక, నెలకొకమారు పుస్తకమును పైకి చదివించి వినుట. అది ఆమెపై అనుమానము గాదు, ఆమెకు రక్ష.

తేలిన లెక్కలోను తప్పుండును

ఈ విద్యలో నాకు మిక్కిలి నచ్చిన పాఠ మొకటి కలదు. నెల చివర అన్ని ఖాతాల నిలువలను రెండు వరుసలుగా వేసి సరిచూతురు. సరిపోనిచో తప్పున్నదనుట నిశ్చయము. సరిపోయినను తప్పులేదని మాత్రము నిశ్చయము గాదు. ఏ బేరమైన బొత్తిగా వ్రాయుట మఱచినచో, అది రెండు వైపులను లేకపోవుటచేత వెరసి చక్కగా తేలును. యార్డునకు పోయిన నలువది టిక్కీలలో ఒకటి పుస్తకమున కెక్కకున్నను లెక్క సరిపోవును. అందుచేత తెలిసినవారు వెరసి చూచి తృప్తిపడరు. రసీదును, తక్‌పట్టీని, బ్యాంకు పుస్తకమును ఒక్కొక్క పద్దుతో పోల్చి చూతురు.

మన యిండ్లలోను ఇంతే కదా. అన్నియు సరిగా జరుగుచున్నట్లే యుండును. ఎవరి శ్రమ, ఎవరి మాట పుస్తకమున కెక్కలేదో ఎవరును చూడరు.

కావున సోదరీమణులారా! పరీక్ష మాట తరువాత. వచ్చు ఉగాదికి ఒక గీతల పుస్తకము కొనుడు. ఎడమప్రక్క వచ్చినది, కుడిప్రక్క పోయినది వ్రాయుడు. రాత్రి వంటయిల్లు సర్దిన పిదప పావుగంట చాలును. ఇంట చదువుకొన్న కూతురున్నచో ఆమె చేత వ్రాయించి మీరు చూడుడు. కోడలున్నచో ఆమెతో గలసి వ్రాయుడు. ఈ యేటి తక్‌పట్టీ ఇంటికి వచ్చిననాడు సంచిలో పడవేయక, దీపము దగ్గఱకు తెచ్చి, ఇంటిల్లిపాది నడుమ పైకి చదువుడు. మొదటి పద్దులో అమ్మిన టిక్కీల సంఖ్యను, రెండవ పద్దులో మీరును, మీ కూతురును కోతకు పోయిన దినముల సంఖ్యను వ్రాయుడు.